తుబ్లీ గోడౌనులో లాంతరు

జ్ఞానదాసు మెట్లెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు. డిసెంబరు నెల. మనామాలో గాలి చల్లగానే ఉంది. అయినా అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గుమ్మంలోనే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా అన్నాడు.

"వెంకన్నని పంపించేస్తారటండీ. అతను తియ్యలేదు. ఆ సంగతి మీరే నిరూపించాలి, ఎలియేజరు గారూ."

ఎలియేజరు చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏం తియ్యలేదు?"

"లాంతరు."

టైపు మిషను ముందున్న మణి వేళ్లు ఆగిపోయాయి.

ఎలియేజరు ఒకప్పుడు కాకినాడలో క్రైం బ్రాంచి ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాక, ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ఎంక్వయిరీలు చెయ్యడానికి బహ్రెయిన్ వచ్చాడు. మునిగిన పడవలు, తగలబడిన దుకాణాలు అతని రోజువారీ పని. మధ్యమధ్య తెలుగువాళ్లెవరైనా కష్టంలో ఉండి వస్తే కాదనేవాడు కాదు. మనిషి సన్నగా ఉంటాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని వింటాడు. నిద్రపోతున్నాడనుకుని చాలామంది అనాల్సినదానికంటే ఎక్కువే అనేస్తారు.

మణి అతని దగ్గర టైపిస్టు. కేసులకి కూడా వెళ్తుంది. సెలవురోజుల్లో కథలు రాస్తుంది. ఇండియాలో వారపత్రికలకి పంపుతుంది. రెండు అచ్చయ్యాయి. ఎలియేజరు చేసిన కేసులన్నీ ఎప్పటికైనా పుస్తకంగా రాయాలని ఆమె కోరిక. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలియనట్టే ఉంటాడు.

జ్ఞానదాసు చివరికి కూర్చున్నాడు. అతను సిత్రా వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. నలభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. తెలుగు క్రైస్తవ సహవాసంలో ఏటా క్రిస్మస్ నాటకం రాసి ఆడించేది అతనే. సహవాసం వాళ్లు తుబ్లీలో వర్క్‌షాపుల మధ్య ఒక పాత గోడౌను అద్దెకు తీసుకుని శుక్రవారం ప్రార్థనలు పెట్టుకుంటారు. నాటకం రిహార్సల్సూ అక్కడే.

"ఈసారి కథ ఏమిటి?" అని అడిగాడు ఎలియేజరు, కళ్లు మూసుకుని.

"ఒక జాలరి సముద్రానికి వెళ్లి తిరిగి రాడండి. అతని భార్య రోజూ సందెవేళ గడప దగ్గర లాంతరు వెలిగించి పెడుతుంది. ఏళ్లు గడుస్తాయి. క్రిస్మస్ సాయంత్రం ఆవిడ లేచి, ఆ లాంతరు తనే ఊది ఆర్పేస్తుంది. ఇక అతను రాడని ఒప్పుకుంటుందన్నమాట."

"లాంతరు ప్రతీక కదండీ!" అంది మణి, ఆగలేక.

జ్ఞానదాసు ముఖం ఒక్కసారి వెలిగింది. "అవునమ్మా. ఆశకి ప్రతీక. అంటే... నిరీక్షణకి." తర్వాత ఎందుకో తలదించుకున్నాడు.

"భార్య వేషం ఎవరిది?"

"లూర్దుమేరి గారిది."

లూర్దుమేరి సంగతి తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆమె భర్త అంతోని, సముద్రంలో ఇసుక తోడే బార్జి మీద పనిచేసేవాడు. రెండేళ్ల కిందట గాలివానలో బార్జి మీది నుంచి పడిపోయాడు. శరీరం దొరకలేదు.

"ఆ వేషం ఆవిడకే ఎందుకిచ్చారు?"

"బాగా చేస్తారని." జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది.

తక్కిన విషయం జ్ఞానదాసు గబగబా చెప్పాడు. మంగళవారం సాయంత్రం రిహార్సల్ అయ్యాక సహవాసం పెద్ద యెషయాగారు గోడౌనుకి తాళం వేశారు. బుధవారం పొద్దున వెంకన్న వచ్చి చూస్తే లాంతరు లేదు. వెంకన్న పక్క వర్క్‌షాపులో వడ్రంగి, నిజామాబాదు మనిషి. సహవాసం మనిషి కాకపోయినా స్టేజి కడుతున్నాడు. రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. పైగా రిహార్సల్ చూస్తూ, దీపం నోటితో ఊదకూడదని గొడవపడ్డాడు. యెషయాగారు అన్నీ కలిపి చూసుకుని, శనివారం వెంకన్న కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, మాట్లాడతానంటున్నారు. కఫీల్ చెవిన పడితే ఖలాస్, వీసా పోయినట్టే.

వెళ్తూ వెళ్తూ జ్ఞానదాసు నాటకం ప్రతి బల్ల మీద పెట్టాడు. "లాంతరు దొరక్కపోయినా ఫర్వాలేదండీ. ఆ మనిషి మీద మాట పోతే చాలు."

అతను దిగి వెళ్లాక ఎలియేజరు, మణి కిందికి వచ్చారు. వాళ్ల ఆఫీసు కిందే ఇనప సామాన్ల దుకాణం. చలికాలం కదా, ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్ల కోసం దుకాణం ముందు లాంతర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. మణి నుదుటికి ఒకటి తగిలింది. ఎలియేజరు దాన్ని చేత్తో ఆపి, కాసేపు చూసి, కారెక్కాడు.

*

గోడౌను ముందు యెషయాగారు ఎదురుచూస్తున్నారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో తాళాలగుత్తి.

"లాంతరు ఖరీదు గురించి కాదు బాబూ," అన్నారు ఆయన తలుపు తీస్తూ. "ఇది ప్రార్థన జరిగే చోటు. ఇవాళ లాంతరు పోయింది. రేపు ఆంప్లిఫయరు పోతుంది. అద్దెకిచ్చినాయన నన్నే అడుగుతాడు."

లోపల సగం కట్టిన చెక్క స్టేజి, ఒక గుమ్మం, గుమ్మానికి పక్కన కొక్కెం. కొక్కెం ఖాళీగా ఉంది. ఎలియేజరు స్టేజి వెనక్కి వెళ్లి వంగి, మూలనుంచి ఒక శరబతు సీసా తీశాడు. సగానికి కిరసనాయిలు ఉంది. మూతి దగ్గర కాగితం ఉండచుట్టి బిగించి ఉంది.

"లాంతర్లో నూనె దొంగ వంచేసి ఉంటాడు," అన్నారు యెషయాగారు.

"వంచెయ్యలేదండి. సీసాలో పోశాడు. కింద ఒక్క చుక్క లేదు." సీసా మణికి ఇచ్చాడు. "మంగళవారం మీరు తాళం వేసేటప్పుడు లాంతరు కొక్కేనికి ఉందా?"

"రోజూ ఉండేదేగా."

"చూశారా, ఉంటుందనుకున్నారా?"

యెషయాగారు ఖాళీ కొక్కెం వైపు చూశారు. ఆయన నిజాయితీపరుడు. "చెప్పలేను బాబూ. ఆడవాళ్లు వ్యానులో ముందే వెళ్లిపోయారు. వెంకన్న ఓవర్‌టైం ఉందని పక్కకెళ్లాడు. జ్ఞానదాసు ఉడుపుల అట్టపెట్టె కారులో పెట్టుకున్నాడు, ఇక్కడ ఎలుకలు కొట్టేస్తాయని. నేను స్విచ్చి తీసి తాళం వేశాను. చీకట్లో కొక్కెం వైపు చూశానో లేదో..."

పక్క వర్క్‌షాపులో వెంకన్న గుమ్మం చెక్కని చిత్రిక పడుతున్నాడు. వీళ్లని చూడగానే చేతులు దులుపుకుని లేచాడు. యాభై ఏళ్ల మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేదు.

"తాళంచెవి గా గోడకున్న మొలకే ఉంటది సారూ. ఎవరన్న తీస్కోవచ్చు. నేనైతే ముట్టలే."

"దీపం గురించి గొడవపడ్డావట?"

"గొడవ కాదు సారూ, చెప్పిన. మా ఇంట్ల దీపం ఆరిందనం, కొండెక్కిందంటం. నోటితోని ఊదితె ఇల్లు మంచిగుండది. గా అక్క మొగడు సముద్రంల పోయిండాయె, ఆమెతోనే ఊదిపిస్తరా అని అడిగిన. తప్పా?"

"తప్పు లేదు. మరి లాంతరు పోయిందని ముందు చెప్పింది ఎవరు?"

"నేనే. పొద్దుగాల పోయి జూస్తె కొక్కెం ఉత్తగుంది. ఉరికి పోయి యెషయా సారుకు ఫోన్ చేయించిన. గిప్పుడు నన్నే అంటుండ్రు." చెక్క మీది పొట్టు తుడిచేశాడు. "ఊర్ల నా పెండ్లాం గౌరవ్వకు పానం బాగలేదు. వచ్చే ఎండకాలం పోదామనుకున్న. దొంగతనం జేసి వచ్చిండంటే ఊర్ల ఎట్ల తిరుగుతది ఆమె?"

ఎలియేజరు అతని భుజం మీద చెయ్యి వేసి, "శుక్రవారం దాకా ఓపికపట్టు," అన్నాడు. కారులో కూర్చున్నాక చాలాసేపు స్టార్టు చెయ్యలేదు.

*

మర్నాడు వాళ్లు జుఫైర్ వెళ్లారు. లూర్దుమేరి ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. మధ్యాహ్నం విరామంలో, వెనకవైపు నీళ్లతొట్టి దగ్గర తెల్లటి శాలువా ఒకటి సబ్బు పెట్టి రుద్దుతోంది. వీళ్లని చూసి నవ్వింది. ముప్పై అయిదేళ్ల మనిషి. ఆ నవ్వులో అలసట ఉంది గానీ దిగులు కనిపించలేదు. మణికి అది వింతగా అనిపించింది.

"ఉడుపులు ఉతికే వంతు నాది, నిన్న పెట్టె వచ్చింది," అంది. "మిగతావన్నీ శుభ్రపడ్డాయి. ఈ శాలువాకే కిరసనాయిలు వాసన పట్టేసింది. ఎన్నిసార్లు పిండినా వదలట్లేదు."

"లాంతరు దగ్గరేమన్నా పెట్టారా అమ్మా?" అన్నాడు ఎలియేజరు.

"నేనింతవరకూ ఆ లాంతరు ముట్టుకోలేదండీ. రిహార్సల్‌లో ఆ చోటికి వచ్చేసరికి, నాటకం రోజు చేస్తాలెండి అని దాటేస్తున్నాను. మొన్న మంగళవారం మాత్రం యెషయాగారు పట్టుబట్టారు, ఒక్కసారైనా చేసి చూపించమని. లేచి వెళ్లాను. వంగాను. ఊదలేకపోయాను." శాలువా పిండి దులిపింది. "అందరూ నన్నే చూస్తున్నారు. జ్ఞానదాసు గారైతే ముఖం తిప్పేసుకున్నారు. పాపం, నేను సరిగ్గా చెయ్యలేదని బాధపడ్డట్టున్నారు."

"ఆర్పడం ఇష్టం లేకపోతే వేషం ఎందుకు ఒప్పుకున్నారు?" అని అడిగింది మణి.

లూర్దుమేరి కొంచెం ఆలోచించింది. "రిహార్సల్ ఉన్న రోజు సాయంత్రం నలుగురితో ఉంటాను కదమ్మా."

తిరిగి వస్తుంటే మణి పైకి చూసింది. హోటల్ వెనక స్టాఫ్ గదుల వరుసలో ఒక కిటికీలో పట్టపగలు బల్బు వెలుగుతోంది. యెషయాగారు ముందే చెప్పారు, ఆవిడ కిటికీలో రెండేళ్లుగా దీపం ఆరదని, అంతోని కోసమే అలా ఉంచుతుందని.

కారులో మణి నాటకం ప్రతి చివరిదాకా చదివింది. చదివాక ఆగలేకపోయింది.

"సార్, తీసింది లూర్దుమేరి గారే. నాకు నమ్మకంగా ఉంది. నాటకంలో లాంతరు అంటే భర్త మీద ఆశ. ఆవిడ గదిలో బల్బూ అదే. ఆ ఆశని తన నోటితో తనే ఆర్పలేక లాంతరు దాచేసింది. శాలువాకి వాసన కూడా అందుకే. శాలువాలో చుట్టి తీసుకెళ్లి ఉంటుంది."

"బాగుంది. కథగా రాస్తే అచ్చవుతుంది," అన్నాడు ఎలియేజరు. "కానీ ఆవిడ వ్యానులో అందరితో పాటు ముందే వెళ్లిపోయింది. పైగా దాచినావిడ వాసన సంగతి మనకెందుకు చెప్తుంది?"

మణి ముఖం చిన్నబోయింది. ఎలియేజరు అది చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు ప్రతీకని పట్టుకున్నావు, మంచిదే. ఎవరి ప్రతీకో అడగలేదు. లాంతరంటే ఆశ అని ఎవరన్నారు? జ్ఞానదాసు అన్నాడు. అది అతని మనసులోది. వెంకన్నకి అది ఇంటి దీపం. యెషయాగారికి తను కాపలా కాయాల్సిన వస్తువు. లూర్దుమేరికి ఏమిటో మనమింకా అడగనేలేదు. రచయిత ఒక వస్తువుకి అర్థం పెట్టాడంటే, ఆ అర్థం వల్ల ముందు తెలిసేది రచయిత సంగతి. చివరి పేజీ మళ్లీ చదువు. లాంతరు సంగతి వదిలెయ్. ఇంకెవరున్నారో చూడు."

మణి చదివింది. భార్య, ఆమె అత్తగారు, కొందరు జాలర్లు. ఇంకొకడున్నాడు. పేరు లేదు, 'పొరుగాయన' అని రాసి ఉంది. ప్రతి అంకంలోనూ వస్తాడు. చేపలు తెచ్చి గుమ్మం బయటే పెట్టి వెళ్తాడు. వానలో కూడా బయటే నిలబడతాడు. లాంతరు ఆరిపోయాక, చిట్టచివర, మొదటిసారి గడప దాటి లోపలికి అడుగుపెడతాడు. అక్కడ తెర పడుతుంది.

"పొరుగాయన వేషం ఎవరిది?" అన్నాడు ఎలియేజరు.

మణి మొదటి పేజీ తిప్పి చూసి, ప్రతి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

*

శుక్రవారం ప్రార్థన అయ్యాక అయిదుగురు మాత్రం గోడౌనులో మిగిలారు. ఎలియేజరు, మణి కాక యెషయాగారు, జ్ఞానదాసు, లూర్దుమేరి. వెంకన్న తలుపు దగ్గరే ఆగిపోతే ఎలియేజరు లోపలికి పిలిచి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ముందు వెంకన్న సంగతి," అన్నాడు లేచి నిలబడి. "అతని మీద అనుమానం తాళంచెవి వల్ల వచ్చింది. కానీ లాంతరు పోవడానికి ఎవరూ తాళం తియ్యలేదు. తాళం వెయ్యకముందే అది బయటికి వెళ్లిపోయింది. కొక్కేనికి ఉండగా చూశానని యెషయాగారు చెప్పలేకపోయారు."

యెషయాగారు తలూపారు. "అది నిజమే. చూడలేదు."

"రెండోది, ఈ సీసా. లాంతరుకి పిడి ఉంటుంది. చేత్తో పట్టుకుని నడిస్తే నూనె ఒలకదు. వెంకన్న తీసుంటే వర్క్‌షాపు పక్కనే, నూనెతోనే తీసుకెళ్తాడు. నూనె తీసేశాడంటే లాంతరుని ఎందులోనో పడుకోబెట్టి తీసుకెళ్లాలన్నమాట. వంచెయ్యకుండా సీసాలో పోసి మూతి బిగించాడంటే, దొంగ ఇక్కడి చెక్కలూ తెరలూ పాడవకూడదనుకున్నాడు. లాంతరుతో పాటు ఉండే వస్తువులూ పాడవకూడదనుకున్నాడు. అంటే ఈ నాటకాన్ని ప్రేమించేవాడు."

బయట ఏదో లారీ వెనక్కి వస్తోంది.

"నూనె తీసేసినా వత్తికి వాసన పోదు. ఆ వాసన తెల్ల శాలువాకి పట్టింది. మంగళవారం సాయంత్రం ఆ శాలువా ఉడుపుల అట్టపెట్టెలో ఉంది. ఇక మూడోది. మా ఆఫీసు కింద దుకాణం నిండా లాంతర్లు వేలాడుతున్నాయి. నాటకం దగ్గరపడుతోంది. లాంతరు పోతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకోటి కొనుక్కొస్తారు. కొననివాడికి లాంతరు పోయినందుకు బాధ లేదు. ఆ సీను జరగకూడదని కోరిక. నా దగ్గరికి వచ్చి కూడా అతను లాంతరు వెతకమని అడగలేదు. వెంకన్నని కాపాడమని అడిగాడు. తను చేసిన పని ఇంకొకడి మెడకి చుట్టుకుంటుందని అతను అనుకోలేదు. తెలియగానే పరిగెత్తుకొచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. అందుకని పేరు నేను చెప్పను."

ఎలియేజరు కూర్చున్నాడు. అతను కూర్చోగానే జ్ఞానదాసు లేచాడు.

"నేనే తీశాను," అన్నాడు. "అందరూ వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టి పట్టుకుపోయాను. మా గదిలో ఉంది. వెంకన్నా, నన్ను క్షమించు. బుధవారమే చెప్పాల్సింది. నోరు రాలేదు."

వెంకన్న నమ్మలేనట్టు చూశాడు. "మీరెందుకు దొంగతనం జేసుకుంటరు సారూ, మీదే గద నాటకం?"

"అదే అడుగుదామనుకుంటున్నాను," అన్నారు యెషయాగారు కోపంగా.

జ్ఞానదాసు లూర్దుమేరి వైపు చూడకుండా, ఖాళీ కొక్కెం వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆవిడ ఇంకా ఎదురుచూస్తోందని అందరం అనుకుంటున్నాం. ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఇక చాలు, ఆ దీపం ఆర్పుకో అని. ఎదురుగా చెప్పడానికి నాకు ధైర్యం లేదు. నాటకం అయితే సులువు. ఆవిడ మంచికే రాస్తున్నాననుకున్నాను. మంగళవారం ఆవిడ లాంతరు మీదికి వంగినప్పుడు ముఖం చూశాను. అప్పుడు అర్థమైంది. ఆవిడ కోసం రాయలేదు. నా కోసం రాశాను. ఆ దీపం ఆరితే తప్ప నాకు చోటు లేదని రాశాను." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ముగింపు మారుద్దామంటే యెషయాగారికి ఏమని చెప్పను? ఎందుకని అడుగుతారుగా. అందుకని లాంతరే లేకుండా చేశాను."

యెషయాగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన కోపం ఎటుపోయిందో ఆయనకే తెలియలేదు.

లూర్దుమేరి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా, ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఆయన రారని నాకు తెలుసండీ. ఆ రోజు బార్జి మీద ఉన్నవాళ్లు వచ్చి చెప్పినప్పుడే తెలుసు. నేను ఎవరి కోసమూ ఎదురుచూడట్లేదు."

"మరి ఆ కిటికీలో దీపం?" అని అడిగేశారు యెషయాగారు.

"ఆయన డ్యూటీ నాకంటే ముందు అయిపోయేది. నేను వచ్చేసరికి గదిలో లైటు వేసి, టీ కాచి ఉంచేవారు. ఆయన పోయిన మొదటి రోజుల్లో చీకటి గదిలోకి ఒక్కదాన్నే వెళ్లలేకపోయాను. తాళం తీసి బయటే నిలబడిపోయేదాన్ని. అందుకని పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడే లైటు వేసి వెళ్తున్నాను. అంతే. నేను ఇంటికి వచ్చేసరికి వెలుతురుండాలని. అది ఆయన కోసం కాదు, నా కోసం."

మణి చేతిరుమాలు వెతుక్కుంది. రెండేళ్లుగా ఊరంతా ఆ వెలుగుకి ఒక అర్థం చెప్పుకుంది. ఆ గదిలో ఉన్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. కారులో తను కూడా అదే చేసింది.

"ఇంకొకటి చెప్తాను, ఏమీ అనుకోకండి," అంది లూర్దుమేరి, ఈసారి జ్ఞానదాసు వైపు తిరిగి. "మీ నాటకంలో ఆవిడ లాంతరు ఆర్పదు. ఆవిడకి అన్నం తినడానికైనా దీపం కావాలి కదా. గడప దగ్గర్నుంచి తీసి లోపలికి తెచ్చుకుంటుంది. కంచం పక్కన పెట్టుకుంటుంది. అలా అయితే నేను చెయ్యగలను."

"గిది మంచిగుంది," అన్నాడు వెంకన్న, కుర్చీలో ముందుకి వంగి.

జ్ఞానదాసు చాలా భయంగా అడిగాడు. "మరి... పొరుగాయన?"

"దీపం వెలుగుతుంటే రాకూడదని ఎవరన్నారు? బయట నిలబడి నాటకాలు రాయడం మానేసి, లోపలికి రావచ్చా అని నోటితో అడగాలి. ఏం చెప్పాలో ఆవిడ చెప్తుంది."

యెషయాగారు లేచి వెంకన్న దగ్గరికి వెళ్లారు. అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "తప్పుగా అనుకున్నాను తమ్ముడూ. మీ కఫీల్‌ని రేపు కలుస్తాను. నీ పనితనం గురించి మాత్రమే చెప్తాను. వేసవి సెలవు అడుగుతాను." వెంకన్న తల ఊపుతూ ఉండిపోయాడు.

*

క్రిస్మస్ సాయంత్రం గోడౌను కిక్కిరిసిపోయింది. మామీర్ లేబర్ క్యాంపుల నుంచి, జుఫైర్ హోటళ్ల నుంచి జనం వచ్చారు. వెంకన్న తన వర్క్‌షాపు మనుషులందరినీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. చివరి సీనులో లూర్దుమేరి గడప దగ్గర వంగి లాంతరు తీసుకుని లోపలికి నడిచి, కంచం పక్కన పెట్టుకుని మొదటి ముద్ద కలిపినప్పుడు, హాలులో ఎక్కడో ఒక మగమనిషి వెక్కి ఏడ్చాడు. అందరూ ఎవరికోసమో ఎక్కడో దీపం పెట్టుకున్నవాళ్లే, లేదా ఎవరి దీపానికో దూరంగా వచ్చేసినవాళ్లే. పొరుగాయన గడప అవతల నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకముందే తెర పడింది. ముగింపు అలాగే ఉండాలని ఆమే అంది.

జనం వెళ్లిపోయాక ఎలియేజరు కారు దగ్గర నిలబడి ఉన్నాడు. మణి అతని పక్కనే ఉంది. కొంచెం అవతల జ్ఞానదాసు ఉడుపుల పెట్టె కారులో పెడుతున్నాడు. లూర్దుమేరి వ్యాను ఎక్కబోయి, ఆగి, అతని దగ్గరికి వెళ్లింది. వినకూడదని మణి తల తిప్పుకుంది గానీ మాటలు గాలికి వచ్చేశాయి.

"అడగమన్నాను. అడగలేదు," అంది లూర్దుమేరి.

జ్ఞానదాసు పెట్టె కింద పెట్టాడు. ముఖం మీద ఇంకా రంగు పోలేదు. "నాకు మాటలు రావండీ. రాయడం తప్ప. నేను... మీతో కలిసి ఉండాలని ఉంది. మీకిష్టమైతే. ఇష్టం లేకపోయినా ఫర్వాలేదు, వచ్చే ఏడు నాటకంలో మాత్రం చెయ్యాలి."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పడమటి వైపు చూసింది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను. కానీ ఒక సాయం కావాలి. అంతోని పడిపోయిన వైపు సముద్రం ఒడ్డుకి నేను ఇంతవరకూ వెళ్లలేదు. ఒక్కదాన్నే వెళ్లలేక. ఈ శుక్రవారం ప్రార్థన అయ్యాక అక్కడికి తీసుకెళ్తారా? ఆయనకి చెప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నేను మాట్లాడుతుంటే మీరు కాస్త దూరంగా నిలబడాలి. అయిపోయాక పిలుస్తాను."

"నిలబడతాను," అన్నాడు జ్ఞానదాసు. "ఎంతసేపైనా."

ఆ శుక్రవారం వాళ్లు వెళ్లారు. లూర్దుమేరి నీళ్ల అంచున కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. పొద్దు వాలుతుండగా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. జ్ఞానదాసు చెప్పులు ఇసకలో వదిలేసి ఆమె దగ్గరికి నడిచాడు.